గోడ దూకితే వన్యప్రాణి

హైదరాబాద్ నుంచి వస్తున్న విమానం విశాఖలో దిగబోతోంది. కిటికీలోంచి పోర్టు క్రేన్లు కనిపించాయి, యారాడ కొండ కనిపించింది, కింద చక్రాలు దిగిన చప్పుడు కూడా అయింది. మనవాళ్లలో సగం మంది అలవాటు ప్రకారం సీటు బెల్టు మీద వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నేల ఇంకో రెండు తాటిచెట్ల దూరం ఉందనగా ఇంజన్లు ఒక్కసారి గట్టిగా అరిచాయి. విమానం ముక్కు పైకెత్తి మళ్లీ ఆకాశం దారి పట్టింది.

కాసేపటికి కాక్‌పిట్ నుంచి ప్రకటన వచ్చింది. రన్‌వే మీద జంతువు ఉన్నందువల్ల మరోసారి ప్రయత్నిస్తామని, అసౌకర్యానికి చింతిస్తున్నామని. ఏ జంతువో చెప్పలేదు. విచారణలో ఉన్నవారి పేరు బయటపెట్టకూడదన్న మర్యాద కాబోలు.

నా పక్క సీట్లో విజయనగరం వైపు పెద్దావిడ. కొడుకు దగ్గరికి వెళ్లి తిరిగొస్తోంది.

"ఏటి బాబూ, దిగీసాం అనుకుంటే మళ్లీ పైకెత్తీసాడు?"

"రన్‌వే మీద ఏదో జంతువు ఉందటమ్మా."

"అయితే హారన్ కొట్టొచ్చు కదేటి?"

చదువుకున్నవాణ్ని కనుక నవ్వబోయి ఆగాను. ఎందుకంటే విమానానికి హారన్ నిజంగానే ఉంటుంది. ముందు చక్రం గూట్లో ఉంటుంది. కాకపోతే అది ఆగి ఉన్న విమానం దగ్గరికి కింది సిబ్బందిని పిలవడానికి. ఆవును జరపడానికి కాదు. ఇన్ని కోట్లు పోసి విమానం తయారుచేసిన ఇంజనీర్లలో ఒక్కడైనా గోపాలపట్నం రోడ్డు మీద స్కూటర్ నడిపిన పాపాన పోలేదని దీన్నిబట్టి తేలిపోతోంది.

ఇరవై నిమిషాలు గాల్లో చుట్లు తిరిగాక దిగాం. ఆ ఇరవై నిమిషాల్లో ఈ వ్యాసకర్తకు ఒక సత్యం బోధపడింది. జాతి ముందు ఉంచడం బాధ్యతగా భావిస్తున్నాను.

విమానాశ్రయాల లెక్కల్లో ఇలాంటివన్నీ 'వైల్డ్‌లైఫ్' అనే పద్దు కిందికి వస్తాయి. వచ్చింది చిరుతైనా, ఊరకుక్కైనా పద్దు మారదు. విమానాశ్రయం పక్కనున్న షీలానగర్ టీ కొట్టు దగ్గర బన్ను ముక్క కోసం తోకాడిస్తూ నిలబడ్డ కుక్కను చూడండి. దాని కోసం ఆటో ఆగదు, బస్సు ఆగదు, బన్ను తినేవాడు కూడా ఆగడు. అదే కుక్క ఏ కాలువ తూములోంచో దూరి విమానాశ్రయం గోడ అవతల తేలిందనుకోండి, క్షణంలో వన్యప్రాణి అయిపోతుంది. దాని కోసం నూట ఎనభై మంది గాల్లో నిలబడతారు. టవర్‌లో మాటలు మారుతాయి, జీపు పరుగెడుతుంది, లాగ్ పుస్తకంలో దాని పేరున ఒక పంక్తి పడుతుంది. ఒక్క గోడ దాటినందుకు ఇంత ప్రమోషన్ మన రాష్ట్రంలో ఏ శాఖలోనూ లేదు.

పైగా ఇది మామూలు గోడా కాదు. మన విమానాశ్రయం ఉన్నది నౌకాదళ స్థావరంలో. మనిషి లోపలికి వెళ్లాలంటే కార్డు, ఫొటో, సంతకం, వచ్చిన పని. కుక్కకు అవేవీ అక్కర్లేదు. ఆ స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగా. నౌకాదళం తన వైమానిక స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టుకుంటుంది. కొచ్చిలో గరుడ, గోవాలో హంస, అరక్కోణంలో రాజాళి, మనకు డేగ. ఇలా పేరు పెట్టి మరీ పిలిచి, తీరా అవి వస్తే టపాసులు కాల్చి తరుముతారు. పిలిచిన పెళ్లికి వెళ్తే గేటు దగ్గరే కర్ర పట్టుకుని నిలబడ్డట్టుంది.

అసలు ఈ తగువు ఎవరు మొదలుపెట్టారో చూద్దాం. 1903లో రైట్ సోదరులు ఎగిరారు. రెండేళ్లు తిరక్కుండానే, 1905 సెప్టెంబరు 7న, ఆర్విల్ రైట్ ఒక పిట్టను కొట్టేశాడు. పిట్ట అడ్డం వచ్చిందా? రాలేదు. పక్కింటాయన మొక్కజొన్న చేను మీద పిట్టల గుంపు కనిపిస్తే ఆయనే రెండు చుట్లు వాటి వెంట పడ్డాడు. ఒకటి రెక్క మీద పడి చచ్చిందని డైరీలో రాసుకున్నారు కూడా. అంటే చరిత్రలో మొదటి 'పక్షి దాడి' చేసింది పక్షి కాదు. ఈ ముక్క పిట్టల తరఫు వకీలు ఎవరైనా ఉంటే వాడుకోవచ్చు.

తర్వాత వాటి వంతు వచ్చింది. 1973లో పశ్చిమాఫ్రికాలో అబిజాన్ మీదుగా వెళ్తున్న విమానానికి 37,000 అడుగుల ఎత్తున రాబందు తగిలింది. అంత ఎత్తున దానికేం పని అని అడక్కండి, మనకేం పని అని అదీ అడగొచ్చు. మన దేశంలో కథ నేల మీదే నడుస్తుంది. 2014 నవంబరులో సూరత్‌లో ఢిల్లీకి బయల్దేరిన బోయింగ్ 737 చీకట్లో గేదెను గుద్దింది. ప్రయాణికులు క్షేమం, ఇంజన్‌కు దెబ్బ, గేదె సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి, నల్ల రన్‌వే, నల్ల గేదె. పైలట్ కళ్లను తప్పుపట్టలేం. ఆ గేదె నాదేనని ఎవరైనా ముందుకొస్తే పరిహారం ఇవ్వాలా, పుచ్చుకోవాలా అన్నది మాత్రం మంచి ధర్మసందేహం. మరుసటి ఏడాది జబల్‌పూర్‌లో దిగుతున్న విమానానికి అడవి పందులు తగిలాయి. మనలో బాగా కలిసొచ్చినవాణ్ని నక్క తోక తొక్కాడంటాం. గంటకు రెండొందల కిలోమీటర్ల వేగంతో పంది తోక తొక్కితే ఏం కలిసొస్తుందో పెద్దలు చెప్పలేదు.

గోవా కుక్కది వేరే స్థాయి. 2023 నవంబరులో బెంగళూరు నుంచి వెళ్లిన విమానం దబోలిం రన్‌వే మీద కుక్క ఉందని దిగకుండానే వెనక్కి బెంగళూరు వచ్చేసింది. సాయంత్రం మళ్లీ వెళ్లి దిగింది. విమానాన్ని వేరే రాష్ట్రానికి తిప్పి పంపడం ముఖ్యమంత్రులకు కూడా అంత తేలిక కాదు.

న్యూయార్క్‌లో మాత్రం కాస్త కవిత్వం ఉంది. కెనడీ విమానాశ్రయం పక్కనే జమైకా బే అనే సముద్రపు పాయ. 2011 జూన్‌లో అందులోంచి నూటయాభై తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెట్టడానికి బయల్దేరి రన్‌వేకి అడ్డం పడ్డాయి. సిబ్బంది ఒక్కొక్కదాన్నీ చేతులతో ఎత్తి ట్రక్కుల్లో వేశారు. విమానాలు ఆగాయి. మన బీచ్‌లోనూ చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్తాయి. మనం వాటి కోసం సెల్ఫీ ఆపితే అదే పదివేలు.

ఇక చట్టం. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ నిబంధన ఒకటుంది. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల, అనుమతి లేకుండా, పశువును కోయకూడదు, తోలు తీయకూడదు, పక్షుల్ని పిలిచే చెత్త పారేయకూడదు. మాంసం కొట్లు, చేపల కొట్లు, హోటళ్ల చెత్తను పేరు పెట్టి మరీ చెప్పింది. ఎంత చక్కటి నిబంధన! ఒక ఆదివారం పొద్దున్న నేను విశాఖ మ్యాపు, పిల్లల కంపాస్ బాక్సూ ముందేసుకుని కూర్చున్నాను. విమానాశ్రయం మీద కంపాస్ ముల్లు గుచ్చి పది కిలోమీటర్ల వృత్తం గీశాను. లోపల పడ్డవి: గోపాలపట్నం, గాజువాక, కంచరపాలెం, జ్ఞానాపురం, పూర్ణా మార్కెట్. అటు సింహాచలం కొండ. ఇటు సాక్షాత్తూ ఫిషింగ్ హార్బర్!

అంటే వందల బోట్లు, గంపల కొద్దీ చేపలు, ఎండబెట్టిన కవ్వళ్లు, వాటి పైన గద్దల సంత, అంతా వృత్తంలోనే. ఇంతలో మా ఆవిడ చేతికి సంచి ఇచ్చి కిలో చికెన్ తెమ్మంది. 91వ నిబంధన గురించి చెప్పాను. "లివరు వేరేగా కట్టించండి" అంది. కొట్టు దగ్గర ఇరవై మంది క్యూ. కొట్టు కప్పు మీద మూడు గద్దలు, మాకంటే క్రమశిక్షణగా. కొట్టతను పేగులు తీసి వెనక్కి విసిరాడు. అవి నేల మీద పడ్డట్టు నాకు గుర్తు లేదు.

లోపలివాళ్ల కష్టం చూస్తే జాలేస్తుంది. గడ్డి పొట్టిగా కోయిస్తే పురుగులు బయటపడి పిట్టలు వస్తాయి. పెరగనిస్తే ఎలుకలూ పాములూ చేరి, వాటి కోసం గద్దలు వస్తాయి. తొలకరి పడిందంటే ఉసిళ్లు లేస్తాయి, ఊళ్లో ఉన్న రెక్కల జాతి మొత్తం విందుకు దిగుతుంది. తీతువు పిట్టయితే గుడ్లు చెట్టు మీద కాదు, నేల మీదే గులకరాళ్ల మధ్య పెడుతుంది. దాని దృష్టిలో రన్‌వే పక్క జాగా అంత పురిటిగది ఇంకోటి లేదు. తీతువు కూస్తే అపశకునమని మన నాయనమ్మలు అంటే మూఢనమ్మకమని కొట్టిపారేశాం. ఇప్పుడు అదే మాట టవర్‌లోంచి ఇంగ్లీషులో వస్తే పైలట్లు నోరెత్తకుండా వింటున్నారు. పిల్లి ఎదురొస్తే ఆగి, కాసేపు కూర్చుని, మళ్లీ బయల్దేరమన్న మన శకునశాస్త్రాన్నే వాళ్లు దిగబోయి మళ్లీ పైకి లేచే గో-అరౌండ్ అంటున్నారు.

ఇందులో నవ్వకూడని సంగతీ ఉంది. 1960లో బోస్టన్‌లో స్టార్లింగ్ పిట్టల గుంపు ఇంజన్లలో పడి విమానం కూలి 62 మంది పోయారు. మన గోరింకకు దాయాదులే ఆ పిట్టలు, గుప్పెడంత ఉంటాయి. 2025 సెప్టెంబరులో మన విశాఖ నుంచి హైదరాబాద్ బయల్దేరిన విమానం కూడా పక్షి తగిలి వెనక్కొచ్చి దిగింది. అందుకే ఇంజన్‌కు అంటుకున్న ఈక ముక్కను కూడా వదలరు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారికి ఈకల్ని గుర్తుపట్టడానికే ఒక ల్యాబ్ ఉంది. మరకను బట్టి జాతి, వంశం తేల్చేస్తారు. ఆ మరకకు ముద్దుగా 'స్నార్జ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. మన హైవే మీద రాత్రి లారీ కింద పడ్డ ఆవుకు పొద్దున్నే ముగ్గుపొడి చల్లి పోతాం. వంశం సంగతి తర్వాత, ఎవరిదని అడిగే నాథుడు ఉండడు.

కొన్ని దేశాలు తెలివిగా రాజీకొచ్చాయి. 2021లో ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం వారు ఇరవై పందుల్ని కాంట్రాక్టు మీద దింపారు. రన్‌వేల పక్క కోత అయిన చేలో మిగిలిన దుంపలు అవి తినేస్తే బాతులు రావని లెక్క. అమెరికాలో ట్రావర్స్ సిటీలో పైపర్ అనే కుక్క కళ్లజోడు, జాకెట్టు వేసుకుని పక్షుల్ని తరిమే ఉద్యోగం చేసింది. అక్కడ పందికీ కుక్కకీ ఉద్యోగం, ఇక్కడ వాటి మీద కేసు. స్థానికులకు ఉపాధి అని ప్రతి ఎన్నికల్లో చెవులు చిల్లులు పడేలా అరిచే నాయకులు షీలానగర్ కుక్కల స్థానికత గురించి ఎందుకు మాట్లాడరని ఈ వ్యాసకర్త సూటిగా అడుగుతున్నాడు. మర్యాదగానే అడుగుతున్నాడు.

పౌర విమానాలన్నీ భోగాపురం వెళ్లిపోతే ఈ గొడవ ఉండదని కొందరి ఆశ. అక్కడ విమానాశ్రయం కోసం నాలుగు ఊళ్ల మనుషుల్ని లేపి పునరావాస కాలనీలు కట్టారు. జీడితోటల్లో పిట్టలకు ఏ కాలనీ ఇచ్చారో రికార్డుల్లో కనపడదు. ఇంకో మెలిక, డేగా స్థావరం ఎక్కడికీ పోదు. మనం మూటాముల్లె సర్దుకుని నలభై అయిదు కిలోమీటర్లు పోతాం. ఇక్కడి కుక్కల ఉద్యోగాలు మాత్రం పదిలం.

ఆ రోజుకే తిరిగొద్దాం. విమానం దిగాక క్యాబ్ ఎక్కాను. ఎన్ఏడీ ఫ్లైఓవర్ దాటి గోపాలపట్నం వైపు తిరగ్గానే ఆగిపోయాం. రోడ్డు మధ్య ఒక ఆవు, దాని పక్కన ఒక కోడె. సింహాద్రి అప్పన్నకు మొక్కుగా వదిలిన కోడెదూడలు ఈ చుట్టుపక్కల మనకు కొత్త కాదు. అచ్చోసిన ఆంబోతు అనే మాట ఊరికే పుట్టలేదు. ఆవు కూర్చుని నెమరేస్తోంది. దవడ కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి. చెవి మీద ఈగ వాలితే చెవి మాత్రం కదిలింది. వెనక బస్సు హారన్, దాని వెనక లారీ హారన్. ఆ పెద్దావిడ ఉంటే చూపించేవాణ్ని, హారన్ కొడితే ఏమవుతుందో.

"కాస్త దిగి తోలకూడదా?" అన్నాను డ్రైవర్‌తో.

"అది రోజూ ఈ టయానికి ఇక్కడే ఉంటాది సార్. మనవే కొత్త."

గాల్లో ఇరవై నిమిషాలు, ఇక్కడ పాతిక. గాల్లో ఆగినందుకు క్షమాపణ చెప్పారు, రాసుకున్నారు. ఇక్కడ రాసేవాడు లేడు. కనుక ఎన్ఏడీ నుంచి గోపాలపట్నం దాకా రోడ్డును తక్షణం, విమానాలు రన్‌వే దాకా నడిచే టాక్సీవేగా ప్రకటించాలని డిమాండ్ చేస్తున్నాను. అందాకా ఉండబట్టలేక, పక్షి తగిలితే నింపే ఫారం నమూనా ఫోన్‌లో తీసి నేనే నింపడం మొదలుపెట్టాను. జంతువు పరిమాణం, చిన్న, మధ్య, పెద్ద: పెద్ద. సంఖ్య: రెండు. ప్రయాణ దశ: ఇంటికి. తర్వాతి గడి దగ్గర ఆగాను. 'పైలట్‌కు ముందుగా హెచ్చరిక అందిందా?'

డ్రైవర్‌ను అడిగాను.

"అందింది సార్. గోపాలపట్నం బేరం వస్తే ఒప్పుకోకని మా ఆవిడ పొద్దున్నే చెప్పింది."