ఎస్వీ రంగారావు బరంపురం స్టేషన్లో దొరకలేదు

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. పొద్దున్న ఒక బావగారు పంపారు, మధ్యాహ్నం ఒక వదినగారు, రాత్రికి పర్లాకిమిడి నుంచి ఒక స్నేహితుడు. పైన పాతాళభైరవిలో ఆయన వేసిన నేపాళ మాంత్రికుడి ఫొటో, కింద దండం పెడుతున్న చేతుల బొమ్మలు. "ఇది చదివాక మీ కళ్లు చెమర్చకపోతే మీరు మనుషులే కాదు" అని మొదలవుతుంది. చెమర్చలేదు, మండాయి.

అందులో ఉన్నది ఇదీ. ఎస్వీ రంగారావు చదువూసంధ్యా లేని అనాథ. కాకినాడ రేవులో బస్తాలు మోసేవాడు. ఎవరి అండా లేకుండా సినిమాల్లోకి వచ్చాడు. మొదటి సినిమా పోతే అవమానం పట్టలేక మేకప్ డబ్బా విసిరికొట్టి, జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో కూలీగా చేరాడు. ఇక జన్మలో వేషం కట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒకనాడు "మద్రాసు రాష్ట్రంలోని మన బరంపురం" స్టేషన్లో ఆయన టీ అడిగితే, ఆ గొంతు విన్న నిర్మాత ఒకాయన చెయ్యి పట్టుకుని మద్రాసు తీసుకుపోయాడు. మర్నాటికల్లా స్టారు. చివరికి జకార్తాలో ఆస్కార్ కూడా కొట్టాడు. అందుచేత ఓ యువకుడా, డిగ్రీ చిత్తు కాగితం, ఉద్యోగం సంకెల, అపాయింట్‌మెంట్ ఆర్డరు చింపెయ్, కలను పట్టుకో!

ముందు చిల్లర సంగతులు తేల్చేస్తాను. జకార్తాలో ఇచ్చింది ఆస్కార్ కాదు. 1964లో అక్కడ జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో, నర్తనశాలలో కీచకుడి వేషానికి ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చారు. అది చాలదా? దానికి ఆస్కార్ అని పేరు పెడితేనే మనకి తృప్తా? ఇక బరంపురం 1936 ఏప్రిల్ 1 నుంచీ ఒరిస్సాలో ఉంది. పర్లాకిమిడినీ అందులో కలిపేశారని గిడుగు రామ్మూర్తి పంతులుగారు ఆ ఊరు వదిలి వెళ్లిపోయింది అప్పుడే కదా. ఈ ముక్క తెలియనివాళ్లెవరో మన ఊరిని కథలోకి లాగారు, మనవాళ్లు మురిసిపోయి పదిమందికి పంచుతున్నారు. టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్ మీదుగా మద్రాసు వెళ్లేవాడికి బరంపురం దారిలోనే తగులుతుంది, కాదనను. అంతమాత్రాన ఆయన ఇక్కడ దిగి టీ తాగాడని, ఆ టీకొట్టు పక్కనే నిర్మాత ఒకడు చెవి ఒగ్గి కూర్చున్నాడని రాసెయ్యడమేనా?

అనాథ అట. ఆయన 1918లో నూజివీడులో పుట్టారు. తండ్రి ఎక్సైజు శాఖ ఉద్యోగి. మద్రాసులో హైస్కూలు, విశాఖలో ఇంటర్మీడియట్, కాకినాడ పి.ఆర్. కాలేజీలో బి.ఎస్సీ. 1930లలో, 40లలో సైన్సు డిగ్రీ అంటే మాటలా? మొదటిసారి స్టేజీ ఎక్కింది కూడా మద్రాసు స్కూల్లోనే, పదిహేనేళ్ల వయసులో. కాకినాడలో ఆయన్ని నటుడిగా తీర్చింది రేవు కాదు, యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్. అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి మసలిన చోటు అది. షేక్‌స్పియర్ పాత్రల్ని ఇంగ్లీషులోనే కంఠతా పట్టి చెప్పేవారాయన. షైలాక్, ఒథెల్లో. ఆ తర్వాత మాంత్రికుడి నోట ప్రతి అక్షరం అలా విరుపుతో పలికిందంటే గాలిలోంచి ఊడిపడిందా? చదువు లేదని రాసినవాడు ఆయన డైలాగు ఒక్కటైనా శ్రద్ధగా విన్నాడా అని నా అనుమానం.

ఇప్పుడు జంషెడ్‌పూర్. నాకు అసలు కోపం ఇక్కడే.

వరూధిని 1947 నాటి సినిమా. ఆయన ప్రవరుడు. దర్శకుడు బి.వి. రామానందంగారు ఆయనకి బంధువే, కాబట్టి "ఎవరి అండా లేకుండా" అన్న ముక్క కూడా కొట్టేసుకోవచ్చు. సినిమా ఆడలేదు. మళ్లీ పిలిచినవాళ్లు లేరు. ఆ డిసెంబరులోనే మేనమామ కూతురు లీలావతిగారితో పెళ్లయింది. సంసారం గడవాలి. టాటా కంపెనీలో ఉద్యోగానికి జంషెడ్‌పూర్ వెళ్లారు. అది కొలిమి దగ్గర కూలి కాదు, ఆఫీసు ఉద్యోగం. కూలి పని చేస్తే తప్పని కాదు నేననేది. మా గంజాం జిల్లా నుంచి వెళ్లి సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్నవాళ్లు తక్కువమందా? వాళ్ల కష్టాన్ని ఇంకొకరి కథలో ఏడుపు కోసం పులమడం చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక ఆ ఒట్టు. వేషం కట్టనని ఒట్టు పెట్టుకున్నాడట! జంషెడ్‌పూర్‌లో ఉన్నన్నాళ్లూ అక్కడి తెలుగువాళ్లు వేసే నాటకాల్లో ఆయన వేషాలు కడుతూనే ఉన్నారు. ఉక్కు ఊరికి బతకడానికి వెళ్లిన తెలుగువాళ్లు ఒక సంఘం పెట్టుకోవడం, చందాలు వేసుకుని తెరలు కట్టడం, సినిమాలో ఓడి వచ్చిన మనిషిని "రండి, మా నాటకంలో వేద్దురుగాని" అనడం, ఇదంతా ఆ మెసేజ్ రాసినవాడికి పనికిరాలేదు. ఎందుకంటే అందులో కన్నీళ్లు లేవు. పగలు ఆఫీసు, సాయంత్రం రిహార్సలు, అంతే. దాన్ని తీసుకెళ్లి ఎడారి చేసి చూపించాడు.

ఆ సాయంత్రాలు ఎలా ఉంటాయో మాకు తెలుసు. బరంపురంలో మా కుర్రాళ్లు బళ్లో ఒడియా చదువుతారు. పద్యం ఇస్తే ఒడియా అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతారు. "ళ" దగ్గర తడబడరు, ఒడియాలోనూ ఉంది కాబట్టి; యతి దగ్గర ఊపిరి ఆపమంటే మాత్రం ఆపరు. హార్మోనియం వాయించే పెద్దాయన శ్రుతి దాటితే పెట్టె మూసేసి కూర్చుంటారు. ఠాకురాణీ జాతర వచ్చిందంటే పేటలో మొక్కు ఉన్నవాడల్లా ఏదో ఒక వేషం కడతాడు, పులి వేషం దగ్గర్నుంచి. ఇలాంటి చోట పెరిగిన నటుణ్ని ఎవరూ "కనిపెట్టరు". వాడు పదేళ్లు వేస్తాడు, మేం చూస్తాం, తప్పుపోతే చెప్తాం. జంషెడ్‌పూర్ వాళ్లు రంగారావుగారికి చేసిపెట్టింది కూడా అదే. ఈ కథలో ఎవరికైనా దండం పెట్టాలంటే వాళ్లకి పెట్టండి. ఆ ఎమోజీలు ఇక్కడ వాడండి.

నిర్మాత పిలిచిన మాట నిజమే. బి.ఏ. సుబ్బారావుగారు పల్లెటూరి పిల్లలో పెద్ద వేషానికి కబురు పెట్టారు. సరిగ్గా ఆ సమయంలోనే తండ్రి పోయారు. (అనాథ అన్నారు కదూ? అప్పటికి ఈయనకి ముప్ఫై ఏళ్లు.) కర్మకాండలు చూసుకుని వెళ్లేసరికి ఆలస్యమైంది, ఆ వేషం ఎ.వి. సుబ్బారావుగారికి వెళ్లిపోయింది. ఈయనకి దక్కింది అదే సినిమాలో చిన్న వేషం, ఆయన అదీ వేశారు. మనదేశంలోనూ చిన్న వేషమే. 1950లో షావుకారులో సున్నం రంగడుగా కాస్త కళ్లబడ్డారు. 1951లో పాతాళభైరవి. ప్రవరుడి నుంచి మాంత్రికుడి దాకా నాలుగేళ్లు. మెసేజ్‌లో అది "మర్నాడు".

కళ్లు చెమర్చాలంటే అసలు ఇక్కడ చెమర్చాలి. తండ్రి చితి ఆరేలోగా చేతికొచ్చిన వేషం పోయింది, అయినా వెళ్లి పక్క వేషం కట్టాడు మనిషి. ఇంత నిజం చేతిలో ఉంటే టీకొట్టు దేనికి?

చివరగా ఆ నీతి. ఇది ఊరికే నవ్వి వదిలే రకం కాదు. మా బంధువుల్లోనే ఒక గుంటడు ఉన్నాడు, గొంతు బాగుంటుంది, రైల్వేలో ఉద్యోగం వచ్చింది. చేరనంటున్నాడు. "మావయ్యా, ఎస్వీఆర్ అంతటివాడే ఆర్డరు చింపేశాడు, నేనెంత" అని ఈ మెసేజే నాకు చూపించాడు. వాళ్లమ్మ మగ్గం మీద పట్టుచీరలు నేసి వాణ్ని చదివించింది. ఈ నీతులు రాసేవాళ్లు వచ్చే నెల వాళ్లింటి బియ్యం పంపుతారా?

ఇలాంటివి చదివినప్పుడల్లా ప్రవరుడి పాదలేపనం గుర్తొస్తుంది. కాళ్లకి రాసుకుంటే హిమాలయాలకి చేరుస్తుంది, మంచుకి కరిగిపోతుంది, తిరిగి ఇంటికి రావడం మాత్రం నీ తిప్పలు. ఆ వేషం కట్టిన నటుడి పేరు చెప్పే ఇప్పుడు ఆ లేపనం అమ్ముతున్నారు.

ఉద్యోగం సంకెలైతే జె.వి. సోమయాజులుగారి మాటేమిటి? మనకి కూతవేటులో ఉన్న సిక్కోలు జిల్లా మనిషి. రెవెన్యూలో పనిచేసి డిప్యూటీ కలెక్టరయ్యారు. ఆ ఉద్యోగం చేస్తూనే తమ్ముడు రమణమూర్తితో కలిసి ఏళ్ల తరబడి కన్యాశుల్కం ఆడారు, ఈయన రామప్పపంతులు, ఆయన గిరీశం. శంకరాభరణం 1980లో వచ్చేనాటికి ఈయనకి యాభై దాటాయి. కోట శ్రీనివాసరావుగారు స్టేట్ బ్యాంకులో పనిచేస్తూ నాటకాలు వేశారు. రేలంగి మొదటి సినిమా 1935లోది, జనం నోట పేరు పడింది 1949లో గుణసుందరి కథతో. వీళ్లలో ఎవరి గురించీ ఫార్వర్డులు రావు. రావెందుకంటే చింపడానికి కాగితమేదీ లేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఆ మెసేజ్ రాసినవాడికి ఇది తెలిసి ఉంటే నా నోరు మూయించేవాడు. రంగారావుగారు ఉద్యోగం వదిలిన మాట నిజం. టాటాకి ముందు ఆయన ఫైర్ ఆఫీసరు, బందరులో, విజయనగరంలో చేశారు. నటించే వీలు దొరకడం లేదని దానికి రాజీనామా ఇచ్చి సినిమాకి వెళ్లారు. మంచి సర్కారు ఉద్యోగమే. ఇంట్లోవాళ్లు ఏమన్నారో గానీ, మా ఇంట్లో అయితే మూడు రోజులు పొయ్యి వెలిగేది కాదు. తెగించాడు, ఆ తెగింపు లేకపోతే మనకి మాంత్రికుడు లేడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. తెగించిన తొలిసారి దెబ్బ తిన్నాక ఆయన మళ్లీ జీతం వెతుక్కున్నారనీ, రెండోసారి కదిలింది చేతికి పిలుపు వచ్చాకనేననీ మాత్రం ఆ గుంటడికి చెప్పాను.

వాడింకా తేల్చుకోలేదు. వాళ్లమ్మతో ఒక మాట అన్నాను: ముందు ఉద్యోగంలో చేరమనండి, ఖుర్దారోడ్డులో వేసినా సరే, సెలవు దొరికినప్పుడల్లా రిహార్సలుకి రమ్మనండి. కృష్ణరాయబారం నాటకంలో పడక సీనుకి మాకు సరైన దుర్యోధనుడు లేడు. ఉన్న దుర్యోధనుడికి మోకాళ్ల నొప్పులు.