జర్మన్ షెపర్డ్‌లో బరువు పెంచుతూ గుణం పోగొట్టుకుంటున్నాం

నెల్లూరు, ఒంగోలు వైపు జర్మన్ షెపర్డ్ పిల్లల్ని అమ్మేవాళ్లు ముందుగా చెప్పే మాటలు డబుల్ కోట్ (రెండు పొరల వెంట్రుక), హెవీ బోన్ (లావు ఎముక). ఆ వెంటనే తండ్రి బరువు చెబుతారు. 45 కిలోలు, 48 కిలోలు అన్నారంటే బేరం సగం కుదిరిపోయినట్టే. తల్లికుక్క కొత్త మనిషిని చూస్తే ఏం చేస్తుంది, టపాకాయ పేలితే ఎలా ఉంటుంది అని అడిగేవాళ్లు అరుదు. ఎవరూ అడగరు కాబట్టి పెంచేవాళ్లు కూడా వాటిని పట్టించుకోవడం మానేశారు. ముత్తుకూరు, ఇందుకూరుపేట రొయ్యల చెరువుల మీదకు, పొదలకూరు నిమ్మతోటలకు, చీమకుర్తి గ్రానైట్ యార్డులకు కాపలా కోసమని కొన్న కుక్కలు పనికి రాకుండా పోతుంటే కారణం ఇక్కడే వెతకాలి.

అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ జాతి మగకుక్క భుజం దగ్గర 60 నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తు, 30 నుంచి 40 కిలోల బరువు ఉండాలి. ఆడకుక్క అయితే 55 నుంచి 60 సెంటీమీటర్లు, 22 నుంచి 32 కిలోలు. ఇవి ఎవరో అందం కోసం రాసిన అంకెలు కావు. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ జర్మనీలో ఈ జాతికి సంఘం పెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నది గొర్రెల మంద వెంట రోజంతా అలుపు లేకుండా తిరిగే కుక్క. సంతానానికి పూర్తి అర్హత రావాలంటే అక్కడ ఇప్పటికీ తుంటి ఎక్స్‌రేతో పాటు పని పరీక్ష, 20 కిలోమీటర్ల పరుగు పరీక్ష కూడా దాటాలి. మన దగ్గర పోటీ పడుతున్న బరువులతో ఆ పరుగు కష్టం.

కుక్కలు మరీ పెద్దవైపోతున్నాయన్న దిగులు కూడా కొత్తది కాదు. స్టెఫానిట్జ్ కాలంలోనే ఆ ధోరణి మొదలైంది. ఎత్తు పెరుగుతోంది, గుణం సడలుతోంది అని ఆయనకు అనిపించింది. 1925లో జాతీయ ప్రదర్శనలో ఎత్తు మధ్యస్థంగా, ఒళ్లు పొడవుగా ఉన్న క్లోడో ఫామ్ బాక్స్‌బర్గ్ అనే కుక్కకు మొదటి స్థానం ఇచ్చి జాతి దారి మళ్లించాడు. వందేళ్ల తర్వాత మనం మళ్లీ అదే తప్పుదారిలో నడుస్తున్నాం.

ఇక లైన్ బ్రీడింగ్ సంగతి, అంటే ఒకే పూర్వీకుడి సంతానాన్ని మళ్లీ తమలో తాము కలపడం. పెడిగ్రీ (వంశవృక్షం) కాగితంలో 3-3, 4-4 అని కనిపించేది ఇదే. తల్లి వైపు మూడో తరంలో, తండ్రి వైపు మూడో తరంలో ఒకే కుక్క ఉంటే దాన్ని 3-3 అంటారు. ఆ ఒక్క పూర్వీకుడి వల్ల పిల్లలో రెండు వైపుల నుంచీ ఒకే జన్యువు వచ్చి కలిసే అవకాశం 3 శాతం పైచిలుకు. 2-3 అయితే 6.25 శాతం. 2-2, అంటే ఒకే తండ్రికి పుట్టిన సవతి అన్నాచెల్లెళ్లను కలిపితే 12.5 శాతం. దీన్ని పాపంలా చూసేవాళ్లున్నారు. నేను అలా చూడను. మంచి కుక్క ఒకటి దొరికినప్పుడు దాని గుణాన్ని తర్వాతి తరాల్లో నిలబెట్టడానికి ఇంతకంటే గట్టి పద్ధతి లేదు. అయితే ఈ పద్ధతి మంచిచెడ్డలు చూడదు. ఎంచుకున్న కుక్కలో ఏది ఉంటే దాన్నే బిగిస్తుంది.

1968లో పుట్టిన కాంటో ఫాన్ డెర్ వీనెరావు ఈ జాతిలో పేరు మోసిన మగకుక్క. దానికి రక్తం గడ్డకట్టని జబ్బు, హీమోఫీలియా ఉంది. ఈ జబ్బు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి కొడుకులకు రాదు. కూతుళ్లందరూ మోస్తారు కానీ పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఆ కూతుళ్లకు పుట్టిన మగపిల్లల్లో సగానికి సగం జబ్బు బయటపడే ప్రమాదం ఉంటుంది. అందగాడని అందరూ వాడుకున్నారు, తెలిసేసరికి అది చాలా ఇళ్లకు చేరిపోయింది.

గుణంతో చిక్కు ఇంకా ఎక్కువ. ఎముక లావు, వెంట్రుక, తల పరిమాణం రెండు నెలల పిల్లలోనే కంటికి కనిపిస్తాయి. గుండె నిబ్బరం మాత్రం కుక్కకు ఏడాదిన్నర, రెండేళ్లు వస్తే గానీ తేలదు. బరువు చూసి ఏడాదికే మగకుక్కను క్రాసింగ్‌కు వదిలేసి, దాని పిల్లల్ని మళ్లీ అదే లైన్‌లో కలిపేస్తే, బరువుతో పాటు బెదురు కూడా తరాలకు తరాలు దిగిపోతుంది. అప్పుడు పిల్లను ఎంత బాగా పెంచినా పూర్తిగా పోదు.

బెదురు కుక్కను చెరువు గట్టు మీద చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. రాత్రి కరెంటు పోయి, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. కాపలా మనిషి టార్చి పట్టుకుని జనరేటర్ వైపు పరిగెడతాడు. నిబ్బరం ఉన్న కుక్క లేచి, చెవులు నిక్కించి, చీకట్లోకి ఒకసారి చూసి అతని వెంట నడుస్తుంది. జనరేటర్ భళ్లున మొదలైతే అటు తల తిప్పి ఊరుకుంటుంది. బెదురు కుక్క షెడ్డు వెనక్కి పోతుంది, లేదా తోక కాళ్ల మధ్య పెట్టుకుని ఆగకుండా మొరుగుతుంది. ఆ మొరుగుడు విని యజమాని "మా వాడు మహా కోపిష్టి" అని మురిసిపోతాడు. అది కోపం కాదు, భయం. అలాంటి కుక్క దొంగ మీదకు వెళ్లదు. మేత వేయడానికి వచ్చిన కూలీని, ఇంట్లో చిన్నపిల్లను కరుస్తుంది.

పెద్ద కుక్కను చూస్తేనే దొంగ భయపడతాడు కదా అంటారు. నిజమే, కొంతవరకు. కానీ 34 కిలోల మగకుక్క గేటు దగ్గర కదలకుండా నిలబడి మొరిగితే చీకట్లో కిలోలు లెక్కపెట్టే దొంగ ఉండడు. మన ఎండలూ ఆలోచించాలి. కుక్క తన ఒళ్లు చల్లబరుచుకునేది ప్రధానంగా రొప్పడంతోనే. రోహిణి కార్తెలో, సముద్రపు ఉక్కలో నోటి తడి తొందరగా ఆరదు. శరీరం ఎంత పెద్దదైతే, వెంట్రుక ఎంత దట్టమైతే చల్లబడటం అంత ఆలస్యం. లావుగా కనిపించాలని పిల్ల వయసులో అతిగా మేపితే తుంటి కీళ్ల జబ్బు ముదురుతుంది.

నిజానికి ఈ పాఠం మన జిల్లాలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు పెట్టుకున్న ఆబోతు 1960ల మొదట్లో బ్రెజిల్ వెళ్లింది. దాని రక్తం చుట్టూ అక్కడి పెంపకందారులు లైన్ బ్రీడింగ్ చేసి నెలోర్ పశువుల్ని తీర్చిదిద్దారు. వాళ్లకు కావాల్సింది మాంసం, కాబట్టి బరువు చూశారు. అది వాళ్ల పనికి సరైన లెక్క. కానీ ఇక్కడ బండలాగుడుకు కోడెను కొనే రైతు మూపురం, కాళ్లు చూశాక జనం అరుపులకు బెదురుతుందా, కాడి కింద నిలకడగా ఉంటుందా అని తప్పకుండా చూస్తాడు. అదే రైతు కుక్కపిల్ల దగ్గరికి వచ్చేసరికి తూకం చూసి డబ్బులిచ్చేస్తున్నాడు. నాకు బాధ కలిగించేది ఇదే.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలి, 18 నెలలు నిండని ఆడకుక్కను ఈనించకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఇది కనీసం మాత్రమే. పని కుక్కల్ని పెంచుతున్నామని చెప్పేవాళ్లు రెండేళ్లు ఆగాలి. తుంటి ఎక్స్‌రే తీయించాలి. లైన్ బ్రీడింగ్ చేస్తే ఏ పూర్వీకుడి మీద చేస్తున్నారో, ఆ కుక్క పని ఎవరు కళ్లారా చూశారో కొనేవాళ్లకు చెప్పగలగాలి. ఒక్క స్టడ్‌ను (సంతానానికి వాడే మగకుక్కను) చూసి మురిసిపోకుండా దాని తోబుట్టువుల్నీ చూడాలి. ఒకే ఈతలో ఒకటి ధీరంగా ఉండి మిగతావన్నీ బెదిరితే, ఆ ధీరుడి మీద లైన్ కట్టడం ప్రమాదం.

నా ముందు రెండు మగకుక్కలు పెడితే, ఒకటి 68 సెంటీమీటర్లు, 47 కిలోలు, ప్రదర్శనల్లో గెలిచిన కప్పులతో నిండిన షెల్ఫు, ఇంకొకటి 62 సెంటీమీటర్లు, 34 కిలోలు, అన్నదమ్ములంతా చప్పుడుకు చలించని రకం అయితే, నేను రెండోదానికే నా ఆడకుక్కను ఇస్తాను. పిల్లలు చిన్నగా ఉన్నాయని అయిదారు వేలు తక్కువ వచ్చినా ఇస్తాను.