ఫాల్ ఫ్రీ

నేను బెజవాడలో ఒక చీరల షాపులో పట్టు కౌంటర్‌లో చేస్తా. పని అంటే పెద్దగా ఏం లేదండీ, పరుపు మీద కూర్చుని విప్పడం, మడవడం. చీర 5.5 మీటర్లు, పైన 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క, విప్పడానికి రెండు సెకన్లు, మడవడానికి మాత్రం ప్రాణం పోతుంది. నలభై విప్పించాక "ఇవేనా, ఇంకేమన్నా ఉన్నాయా" అంటారు. వాళ్ళని అనడం దేనికి, మా అమ్మా అంతే.

ఆషాఢం అయితే ఇక చెప్పక్కర్లేదు. ముహూర్తాలుండవు, పెళ్ళి బట్టల బేరాలుండవు, అందుకని డిస్కౌంట్లు, అందుకని జనం, అందుకని నా నడుం.

మొన్న ఆదివారం ఒక పెద్దావిడ సంచిలోంచి వంకాయరంగు గద్వాల్ తీసి "బాబూ, అచ్చం ఇలాంటిదే మా చెల్లికి కావాలి, చూసి పెట్టు" అని నా పక్కన పెట్టి కాటన్ కౌంటర్‌కి వెళ్ళింది. వాళ్ళాయన కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఈలోపు ఇంకో నలుగురొచ్చారు, గుట్ట పెరిగింది, ఆ చీర గుట్టలో కలిసిపోయింది, నేను మర్చిపోయా.

కాసేపటికి ఒక మేడం సరిగ్గా అదే లాగింది. "ఇదెంత?"

ట్యాగ్ లేదు. ఊడిపోవడం మామూలే కదా అని పక్కనున్న అదే రకం పీస్ చూసి "11,500 మేడం, 15 శాతం పోను 9,775. బాడీ కాటన్, బోర్డరూ పల్లూ పట్టు, నిన్ననే దిగిన స్టాక్" అన్నా.

"ఫాల్ కుట్టేసి ఉందేంటి?"

అక్కడన్నా నాకు వెలగాలి. వెలగలేదు. నోరు మాత్రం ఆగదుగా, "ఆషాఢం ఆఫర్ మేడం, ఫాల్ ఫ్రీ" అన్నా.

"జాకెట్టు ముక్క లేదు?"

"దీనికి కాంట్రాస్ట్ వేస్తేనే బాగుంటుందండి."

"కలరా ఉండల వాసనొస్తోందయ్యా!"

"గోడౌన్‌లో పురుగు పట్టకుండా పెడతామండి."

ఆవిడ దాదాపు ఒప్పుకుంది. పల్లూ భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడింది కూడా. వెనక నుంచి కేక, "అయ్యో, అది నా చీరమ్మా!"

"మీదేంటండీ, నేను ముందు తీశాను."

"తీయడం కాదు తల్లీ, నేను కట్టుకున్నాను! రెండేళ్ళ కింద ఇక్కడే కొన్నా, 6,800."

కౌంటర్ మొత్తం సైలెంట్. అందరూ నా వంకే చూస్తున్నారు. మేడం పల్లూ దించి "6,800 చీర, వాడేసింది, 9,775 చెప్తావా?" అంది. నేను ఏసీ వంక చూశా. అప్పుడు కుర్చీలోంచి పెద్దాయన మొదటిసారి తలెత్తి "ఎంతన్నావ్ బాబూ, తొమ్మిది వేలా? ఇచ్చెయ్యవే, మళ్ళీ ఇంత బేరం రాదు" అన్నాడు. పెద్దావిడ చూసిన చూపుకి మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు పాపం.

మేనేజర్ పరిగెత్తుకొచ్చి సారీలు చెప్పి, ఇద్దరికీ కూల్ డ్రింకులిప్పించి సర్ది పంపాడు. హమ్మయ్య అని గుట్ట మడవబోతుంటే అవతల బిల్లింగ్ దగ్గర గొడవ. నలుగురు ఆడవాళ్ళు కవర్లు పట్టుకుని నిలబడ్డారు.

"పట్టు కౌంటర్ అబ్బాయి చెప్పాడు, ఫాల్ ఫ్రీ అంట కదా, ఎక్కడ కుడతారు?"