మార్చి నెల ఎర్రలు

మన ఓరుగల్లు జిల్లాల్లో పేదరికం ఏటా మార్చిలోనే నిర్మూలన అవుతుంది. మిగతా పదకొండు నెలలు ప్రతిపాదనలు, సమావేశాలతో సరిపోతాయి, దానికి తీరిక దొరకదు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభాల్లో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టమంది. ఆర్థిక సంవత్సరం అయిపోవస్తుంటే ఆ డబ్బుకు ఎక్కడలేని తొందర. ఆ డబ్బు అందుకునే స్వచ్ఛంద సంస్థలకు ఉన్నట్టుండి ఎర్రలు, అదే పేడను ఎరువు చేసే వానపాములు, గుర్తొస్తాయి.

పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ప్లాస్టిక్ బెడ్డు ఎర్రటి ఎండలో వెలుస్తుంది. దానికి రిబ్బను. అతిథిగారు చేతికి గ్లౌజులు తొడుక్కుని ఎర్రలను వదులుతారు. ఎర్రకు వెలుతురు గిట్టదు, ఫొటోగ్రాఫరు ఫోకస్ చేసేలోగా లోపలికి దూరిపోతుంది. "సార్, ఇంకోసారి." తవ్వి తీస్తారు, మళ్లీ వదులుతారు. ఈసారి ఫ్లెక్సీలో కంపెనీ లోగో పడలేదు. మళ్లీ తవ్వుతారు. సుస్థిర అభివృద్ధి కోసం ఇన్నిసార్లు పైకీ కిందికీ తిరిగిన జీవి భూమ్మీద ఇంకోటి లేదు.

ఫొటో వచ్చింది, అది ఎక్కడ తీశారో చెప్పే జియో ట్యాగ్ పడింది, జీపు కదిలింది. ఎర్రల చావు అప్పుడు మొదలవుతుంది. ట్రాక్టర్‌తో తెచ్చి పోసింది పచ్చి పేడ. అది కుళ్లేటప్పుడు లోపల సెగ పుడుతుంది. నీళ్లు చల్లుతూ, తిరగేస్తూ పదిహేను ఇరవై రోజులు చల్లారనిచ్చాకే ఎర్రలను వదలాలి. అవి హాయిగా పెరిగేది పాతిక, ముప్పై డిగ్రీల మధ్య. మేలో వరంగల్ ఎండ 44 దాకా పోతుంది. పైన తాటికమ్మల పందిరి, చుట్టూ చీమలు రాకుండా సన్నటి నీటి కాలువ, రోజూ తడి కావాలి. తడి ఎక్కువైనా కష్టమే, గాలాడక చస్తాయి. అన్నీ సరిగ్గా కుదిరితే రెండు నెలలకు ఎరువు. బడ్జెట్‌లో ఫ్లెక్సీకి పద్దుంది, పందిరికి లేదు.

సరే, ఎర్రల సంగతి పోనీ. కొత్త చీరలు కట్టుకుని ముందు వరుసలో కూర్చున్న సంఘం ఆడవాళ్లను ఎవరన్నా ఒక్క మాట అడిగారా? "సార్, బర్రె లేనిదానికి పెండ ఏడికెళ్లొస్తది?" అని ఒకామె అడిగితే అందరూ నవ్వారట. నవ్వడానికేముంది అందులో? ఆమెకు గుంట భూమి లేదు. మిరప ఏరడానికి పోతే వచ్చే ఆ రోజు కూలి మీ చప్పట్ల కోసం పోగొట్టుకుంది. ఆమె సంతకం తీసుకున్నారు. నివేదికలో ఆమె పేరు ముందు "పేదరికం నుంచి బయటపడిన కుటుంబం" అని రాసుకున్నారు. సిగ్గుండాలి!

చేసి చూపించినవాళ్లు ఇక్కడే ఉన్నారు మరి. ముల్కనూరు సహకార సంఘం 1956లో పుట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. ఆడవాళ్ల పాల డెయిరీ కూడా ఆ ఊళ్లోనే ఉంది. అక్కడ ముందు బర్రె, పెండ తర్వాత. లింగాల ఘనపురం మండలం ఏనబావి 2006లో రసాయనాల్లేని ఊరుగా ప్రకటించుకుంది. ఎర్ర గొంగళిపురుగు మీద ఊరంతా కలిసి చేసిన పోరుతో మొదలై, అక్కడిదాకా రావడానికి ఏళ్లు పట్టింది. రిబ్బను కత్తిరించినంత సేపట్లో అయిపోలేదు.

వానాకాలంలో ఆ బెడ్డు మాత్రం పనికొస్తుంది. గట్టి ప్లాస్టిక్, కోసి పరిస్తే కళ్లంలో వడ్లు తడవవు. ఎర్రలను జూలైలో, నాలుగు వానలు పడి నేల చల్లబడ్డాక, పశువులున్న ఇంట్లో, పందిరి కింద వదలొచ్చు కదా అని ఒక సంస్థాయనను అడిగితే తల అడ్డంగా ఊపాడు. జూలైలో నిధులు రావట.