నరాల వైద్యుడికి నూరేళ్లు

వైద్యవిద్యలో చేరుతున్న పిల్లలకు ఒక ఉచిత సలహా. గుండె జోలికీ మెదడు జోలికీ పోకండి. అక్కడ రోగికి ప్రాణం పోతే మీకు ఆసుపత్రి అద్దాలు పోతాయి. హాయిగా ఒక కొండ ఊరు చూసుకుని నరాల వైద్యం మొదలుపెట్టండి. నరాల నీరసంతో మనిషి చావడు, పూర్తిగా బాగుపడనూ బాగుపడడు. పాడి ఆవు లాంటి జబ్బు.

ఈ మార్గంలో మనకు గురుతుల్యుడు డాక్టర్ జేమ్స్ గల్లీ. 1842లో ఆయన, మిత్రుడు విల్సన్ కలిసి ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో జలచికిత్స ప్రారంభించారు. సిద్ధాంతం సులువు. కడుపు నరాల దగ్గర నెత్తురు పేరుకుంటే రోగం, చర్మం మీద చన్నీళ్లు కుమ్మరిస్తే నెత్తురు పైకి పరుగెత్తుకొస్తుంది. నీళ్లు కొండ ఇస్తుంది, గాలి దేవుడిస్తాడు, బిల్లు మాత్రం డాక్టరు ఇస్తాడు.

1849లో చార్లెస్ డార్విన్ వాంతులతో వేగలేక సంసారమంతటినీ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడు. ఉదయం ఏడు కాకముందే లేవాలి. చన్నీళ్లలో ముంచిన ముతక తువ్వాలుతో వీపు పనివాడు రుద్దుతుంటే, ముందు భాగం ఈ మహాశాస్త్రవేత్త తానే రుద్దుకునేవాడు. ఒళ్లంతా ఎర్రగా కందిపోయేది. చక్కెర లేదు, వెన్న లేదు, మసాలా లేదు, టీ లేదు. పుస్తకాల పని కూడా బాగా తగ్గించేశారు. ఇంటెడు పిల్లలున్న మనిషిని పని మానేసి కొండల్లో తిరగమంటే నరాలు కుదుటపడ్డాయి! చన్నీళ్ల మహిమ కాక మరేమిటి?

గల్లీ గారి శాస్త్రనిష్ఠ గురించి డార్విన్ 1850లో ఒక మిత్రుడికి రాశాడు. తన కూతురికి జబ్బు చేస్తే గల్లీ ఒక్క నీళ్లనే నమ్ముకోలేదట. లోపలి అవయవాల్లో మార్పులు చూసి చెప్పడానికి దివ్యదృష్టి గల అమ్మాయిని, నిద్రపుచ్చడానికి మెస్మరిజం మనిషిని, పైన ఒక హోమియో వైద్యుణ్ణి పిలిపించాడు. నీళ్ల శాఖ తనదే. పిల్ల కోలుకుంది. ఎవరి వల్ల అని ఆరా తీయడం మర్యాద కాదు, ముగ్గురి పొట్ట కొట్టినట్టవుతుంది.

వృత్తికి ఉన్న ప్రమాదం ఒక్కటే, తెలివైన రోగి. డార్విన్ ఇంటికి వెళ్లి తోటలోనే ధారాస్నానానికి గది కట్టించుకున్నాడు. ఇలా ప్రతివాడూ పెరట్లో నీళ్లు పోసుకుంటే మాల్వెర్న్ ఏం కావాలి? అయినా కంగారు పడనక్కర లేదు. ఆయన కడుపు మళ్లీ మొరాయించింది. మళ్లీ జలచికిత్స కేంద్రాల చుట్టూ తిరిగాడు: 1857లో మూర్ పార్క్, 1859లో ఇల్క్లీ, 1863లో తిరిగి మాల్వెర్న్.