శనివారం ఆఖరి పీరియడు

జూన్‌లో బడులు తెరవగానే ప్రధానోపాధ్యాయుల గది గోడకు కొత్త టైంటేబుల్ ఎక్కుతుంది. ఓపికగా వెతికితే అందులో శనివారం ఆఖరి గడిలో ‘డ్రాయింగు’ అనో, ‘కళావిద్య’ అనో ఒక మాట కనిపిస్తుంది. జూలై నాటికి ఆ గంటను లెక్కల ఉపాధ్యాయుడు అప్పు అడుగుతారు. పరీక్షలు దగ్గరపడ్డాక సైన్సు వారు అడుగుతారు. దసరా సెలవులు అయ్యాక అడగడం కూడా ఉండదు, నేరుగా వచ్చి తరగతిలో నిలబడతారు. తిరిగి తీర్చనక్కర్లేని అప్పు ఏదైనా ఉందంటే అది ఇదే. విజయవాడ, గుంటూరు నగరాల్లో ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టుకునే ప్రైవేటు బడుల్లో చాలావాటికి ఈపాటి మొహమాటం కూడా లేదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మొదలైపోయే చోట ఆ గడి టైంటేబుల్‌లో పుట్టనే పుట్టదు.

ఈ లోటు మరో ప్రాంతంలో అయితే సరిపెట్టుకోవచ్చునేమో. బెజవాడ నుంచి గంటన్నర బస్సు ప్రయాణంలో కూచిపూడి ఉంది. ఇరవై కిలోమీటర్ల లోపే తెల్లపొణికి కర్రకు ప్రాణం పోసే కొండపల్లి ఉంది. అటు పెడనలో కలంకారీ అద్దకం బల్లలు ఉన్నాయి. బుర్రకథను ఊరూరా మోగించి 1986లో పద్మశ్రీ అందుకున్న నాజర్ పుట్టిన పొన్నెకల్లు గుంటూరుకు కూతవేటు దూరం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రిన్సిపల్‌గా పనిచేసిన ప్రభుత్వ సంగీత కళాశాల విజయవాడ నడిబొడ్డునే ఉంది. 2016 డిసెంబరులో ఇదే నగరంలో ఆరు వేల మందికి పైగా నర్తకులు ఒకే వేదికపై కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ ఫొటోను మేమూ మొదటి పేజీ వార్తగానే చూశాం, గర్వపడ్డాం. మర్నాడు బడికి వెళ్లిన పిల్లవాడికి తాళం అంటే ఏమిటో చెప్పే మనిషి ఆ బడిలో ఉన్నాడా అని మాత్రం ఎవరమూ అడగలేదు. ఆ తప్పులో పత్రికలకూ వాటా ఉంది.

కళలకు బడిలో చోటివ్వాలని చెప్పే కాగితాలకు దేశంలో కొదవ లేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకూ సహపాఠ్యాంశాలకూ నడుమ గోడ ఉండకూడదంది. సీబీఎస్ఈ 2019లో ఒకటి నుంచి పన్నెండో తరగతి దాకా వారానికి కనీసం రెండు పీరియడ్లు కళావిద్యకు తప్పనిసరి చేసింది. వీటన్నిటికంటే గట్టిది 2009 నాటి విద్యాహక్కు చట్టం. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఉన్న బడిలో వందమందికి మించి పిల్లలుంటే కళావిద్యకు, వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని ఆ చట్టం షెడ్యూలులోనే రాశారు. విధానపత్రాన్ని పక్కన పెట్టవచ్చు, చట్టాన్ని పక్కన పెట్టకూడదు కదా!

అయితే ఆ షెడ్యూలును నిదానంగా చదివితే అందులోనే రెండు చిల్లులు కనిపిస్తాయి. వందమంది నిండని బడికి బోధకుడు అక్కర్లేదు. మన పల్లెల్లో అలాంటి బడులు ఎన్ని ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఇక ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు కళాబోధకుడి ఊసే అక్కడ లేదు. గోడ కనిపిస్తే బొగ్గుముక్కతో బొమ్మ వేసేది, పాట వినిపిస్తే చేతులు ఊపేది ఆ వయసువారే. చేయి స్వేచ్ఛగా కదిలే అయిదేళ్లూ నేర్పేవారు లేక గడిచిపోతాయి. ఆరో తరగతికి వచ్చేసరికి ‘నాకు బొమ్మలు రావు సార్’ అనడం మాత్రం పిల్లవాడు చక్కగా నేర్చుకుని ఉంటాడు.

ఒకప్పుడు ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగు మాస్టారు అని ఒక మనిషి ఉండేవారు. పిల్లల చేత డ్రాయింగులో లోయరు, హయ్యరు పరీక్షలు కట్టించేవారు. సైన్సు గదిలో గుండె బొమ్మ, సోషల్ గదిలో భారతదేశ పటం, గణతంత్ర దినోత్సవానికి గేటు దగ్గర ముగ్గు, అన్నిటా ఆయన చేయి ఉండేది. చాలా చోట్ల ఆయన పదవీ విరమణతో పాటే ఆ ఉద్యోగమూ విరమించింది. ఇప్పుడు ఒప్పందం మీద వచ్చే బోధకుడికి రేపటి భరోసా లేదు, రంగుల డబ్బాలు పెట్టుకోవడానికి ఒక అల్మారా లేదు. అలాంటి మనిషి ‘ఈ గంట నాది’ అని లెక్కల ఉపాధ్యాయుడితో అనగలరా?

బడిలో కళ లేదని ఎవరన్నారు, వార్షికోత్సవం జరుగుతోంది కదా అనేవారు ఉన్నారు. ఆ జరిగే తీరు చూడండి. పది రోజుల ముందు బయటి నుంచి డాన్సు మాస్టారు వస్తారు. ఆయన మొదట చేసే పని పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఎత్తుగా, చలాకీగా ఉన్నవారిని ఏరుకోవడం. అద్దె దుస్తులకు ఇంటి నుంచి డబ్బు తెమ్మంటారు. తేలేని పిల్ల ఆ సాయంత్రమే జట్టులోంచి తప్పుకుంటుంది. మిగిలిన పిల్లలు కుర్చీలు వేస్తారు, అతిథులకు నీళ్లందిస్తారు, చప్పట్లు కొడతారు. వేదిక మీద నాలుగు నిమిషాల సినిమా పాట, కింద పైకి లేచిన ఫోన్లు. సినిమా పాట మీద మాకేమీ కోపం లేదు, అదీ ఈ నేల పాటే. బడిలో ఉన్న ఆరు వందల మందిలో నలభై మంది పది రోజులు పడిన హడావుడిని కళావిద్య అని పిలవడం మీదే మా అభ్యంతరం. నిజానికి వేదిక మీదికి ఎక్కడానికి సిగ్గుపడే పిల్లకే ఆ గంట ఎక్కువ అవసరం. వార్షికోత్సవం ఆ పిల్లనే ముందుగా పక్కకు తోస్తుంది.

కళ ఏం నేర్పుతుందని అడిగేవారికి దూరపు దేశాల పరిశోధనలు చెప్పబోవడం లేదు. పద్యం సంగతి చూద్దాం. హైస్కూలు పిల్లలు ఛందస్సు చదువుతారు. అక్షరాల నెత్తిన గురులఘువుల గుర్తులు పెట్టి, భ ర న భ భ ర వ గణాలు వస్తే ఉత్పలమాల అని, పదో అక్షరం యతిస్థానం అని రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ ఉత్పలమాలను గొంతెత్తి చదివితే ఎలా ఉంటుందో వినే యోగం మాత్రం చాలామందికి పట్టదు. యతి దగ్గర చెవికి తగిలే చిన్న ఊపు కాగితం మీద ఎంత వెతికినా దొరకదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో రెండు తరాల కిందట అక్షరం ముక్క రాని రైతులు కూడా పౌరాణిక నాటకాల పద్యాలు రాగం తీసి పాడుకునేవారు. రాత్రంతా నేల మీద కూర్చుని నాటకం చూసి, నచ్చిన పద్యానికి ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసేవారు. వారికి గణవిభజన తెలియదు, కానీ నటుడు ఒక్క అక్షరం మింగినా తెలిసిపోయేది. మన పిల్లలకు అందుతున్నది గణవిభజన ఒక్కటే. నెలకొకసారి ఒక రంగస్థల నటుణ్ని హార్మోనియంతో సహా తెలుగు తరగతిలో కూర్చోబెడితే ఈ పాఠానికి గైడు అక్కర్లేదు.

లయ దగ్గరా అంతే. నాలుగు దెబ్బల ‘తకధిమి’ మూడుసార్లు, మూడు దెబ్బల ‘తకిట’ నాలుగుసార్లు. ఒక వరుస పిల్లలు ఒకటి, మరో వరుస ఇంకొకటి చేతులతో వేస్తే పన్నెండో దెబ్బ దగ్గర రెండు వరుసలూ కలుసుకుంటాయి. లెక్కల్లో క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అని బోర్డు మీద రాసేది దాన్నే. బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ ఇద్దరు వంతలు ఉంటారు, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. మన్నెంలో అల్లూరి పోరాటాన్ని ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురు అలా చెప్పబోతే, రాజకీయ వంత వేసే పిల్లవాడు ‘మరి అప్పటి జమీందార్లు ఎటువైపు?’ అని అడిగి తీరాలి. ఆ ప్రశ్న వేయడం ఆ పాత్ర పని. పాఠ్యపుస్తకం చివర ఇచ్చే ప్రశ్నల్లో అది ఉండకపోవచ్చు.

ఇంత చెప్పాక ఒక భయమూ చెప్పాలి. ‘కళాసమ్మిళిత విద్య’ అనే కొత్త మాట ఇప్పుడు అన్ని శిక్షణ శిబిరాల్లోనూ వినిపిస్తోంది. లెక్కలను, సైన్సును కళ ద్వారా చెప్పమంటున్నారు. మంచిదే, పై ఉదాహరణలూ అలాంటివే. కానీ ఆకు బొమ్మకు పచ్చరంగు వేయించి చార్టు గోడకు అతికించగానే కళావిద్య పూర్తయిందని లెక్క రాసుకునే ప్రమాదం ఇందులో ఉంది. తకధిమికి క.సా.గు.తో పని లేదు. అది తనకు తానుగా వినదగ్గది. ఇతర పాఠాలకు కళను ఊడిగానికి పంపినా, దానికంటూ ఒక గంట, ఒక గురువు విడిగా ఉండాలి.

మార్కులు పెడితే తప్ప తల్లిదండ్రులు పట్టించుకోరనే వాదన ఉపాధ్యాయుల నుంచే వినిపిస్తోంది. పదో తరగతి ఆరు వందల మార్కుల్లో ఒక్కటీ లేని దానికి ఎవరు విలువిస్తారని వారి బాధ. ఆ బాధ అర్థమవుతుంది, మందు మాత్రం మాకు నచ్చలేదు. చిత్రలేఖనానికి వంద మార్కుల పేపరు పెట్టిన మరుసటి ఏడాదికే బజారులోకి గైడు వస్తుంది. ఆ పైఏడాది ‘ముఖ్యమైన పది బొమ్మలు’ బట్టీ పట్టించే స్టడీ అవర్ మొదలవుతుంది. ఈ రెండు నగరాలకు ఆ విద్య బాగా తెలుసు. ఏడాది పొడవునా వేసిన బొమ్మల పుస్తకాన్ని, పాడిన పాటను తల్లిదండ్రుల సమావేశం రోజున చూపించి, వినిపిస్తే చాలు. తన పిల్ల చేతి బొమ్మ గోడ మీద చూసుకున్న తల్లి దానికి గ్రేడు ఎంతని అడగదు.

‘ఇవి కూడు పెడతాయా?’ అన్న ప్రశ్నకు జవాబు మన ఇరుగుపొరుగునే ఉంది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో బి.ఆర్క్. సీటు కావాలంటే రాయాల్సిన జేఈఈ రెండో పేపరులో డ్రాయింగు పరీక్ష ఉంది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 2015లో మొదలై తర్వాత అమరావతికి మారిన జాతీయ డిజైన్ సంస్థ ప్రవేశ పరీక్షలోనూ బొమ్మ గీయాలి. ఇంటి పక్కనే ఇలాంటి సంస్థలను పెట్టుకుని పిల్లల చేతిలోంచి పెన్సిలు లాక్కోవడం ఏ లెక్కన తెలివైన పనో ర్యాంకులు లెక్కపెట్టేవారే చెప్పాలి. అలాగని ఉద్యోగం ఆశ చూపి కళను బడిలోకి తేవడం మాకు అంత ఇష్టం కాదు. లెక్కలు నేర్పేటప్పుడు ప్రతి పిల్లా గణిత శాస్త్రవేత్త అవుతుందని ఎవరూ హామీ అడగరు గదా.

డబ్బున్న ఇంటి పిల్లకు సాయంత్రం నృత్యం క్లాసు ఉంటుంది. రంగప్రవేశానికి ఖర్చుపెట్టే శక్తి ఆ ఇంటికి ఉంటుంది. విజయవాడ సింగ్‌నగర్‌లో ఆటో నడుపుకునే వ్యక్తి కూతురికి గజ్జె కట్టించే చోటు ప్రభుత్వ బడి ఒక్కటే. మగపిల్లల సంగతి మరీ విచిత్రం. కూచిపూడి తరతరాలుగా మగవారు ఆడిన ఆట. వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీవేషం కడితే ఆడవారే విస్తుపోయేవారు. అదే జిల్లాలో ఇవాళ నృత్యం నేర్చుకుంటానన్న అబ్బాయిని తోటివారు ఎగతాళి చేస్తున్నారు.

ఇక్కడ ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కూడా కాదు. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినప్పుడు చదువుతో పాటు చేతిపనికీ చిత్రలేఖనానికీ పీట వేశారు. బొమ్మలు నేర్పడానికి ప్రమోద్ కుమార్ చటర్జీని బెంగాల్ నుంచి రప్పించారు. ఆయన దగ్గర కుంచె పట్టిన అడివి బాపిరాజు తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపల్ అయ్యారు. పరాయి పాలనలో, చందాల డబ్బుతో నడిచిన సంస్థ చేసిన పని ఇది.

ప్రభుత్వం ముందు మేము పెట్టే కోరికలు పెద్దవేమీ కావు. విద్యాహక్కు చట్టం చెప్పిన బోధకుల ఖాళీలు ముందు నింపాలి, వారికి బతకగలిగే జీతం ఇవ్వాలి. వందమంది లేని బడులు నాలుగైదింటికి కలిపి ఒకరిని నియమించి రోజుకొక బడికి పంపవచ్చు. కొండపల్లి బొమ్మల కళాకారుడికి, బుర్రకథ దళానికి డిగ్రీ లేదని గేటు దగ్గర ఆపకుండా, గౌరవ వేతనంపై ఏడాదిలో కొన్ని వారాలైనా బడిలో పనిచేసే వీలు కల్పించాలి. మొగల్రాజపురం గుహలు విజయవాడ ఊరి మధ్యలోనే ఉన్నాయి, బాపు మ్యూజియం మహాత్మాగాంధీ రోడ్డు మీదే ఉంది. అమరావతి శిల్పి ఒకే వృత్తంలో మదించి వీధిన పడిన ఏనుగును, బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగును చెక్కాడు. ఆ ఫలకం ఇప్పుడు చెన్నైలో ఉంది. దాని ఫొటో అయినా తరగతి గోడకు తగిలించి, కథ ఎటు నుంచి ఎటు నడుస్తోందో చెప్పమని పిల్లల్ని అడగడానికి ఏ జీవో అక్కర్లేదు.

ఇక తనిఖీ. బడికి వెళ్లిన మండల విద్యాశాఖాధికారి హాజరుపట్టీతో పాటు ఏడో తరగతి డ్రాయింగు పుస్తకాలు నాలుగు తెప్పించుకుని చూడాలి. దసరా తర్వాతి పేజీలు తెల్లగా ఉంటే, ఆ శనివారాలు ఎవరికి అప్పు పోయాయో అక్కడే కూర్చుని ప్రధానోపాధ్యాయుణ్ని అడగాలి.