ఇంటర్వ్యూలో పడ్డాను

తుంటి ఎముక ఆపరేషన్ అయి అమ్మ ఇంటికొచ్చింది. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది గానీ, మంచం దిగాలంటే పక్కన మనిషి ఉండాల్సిందే. పగలంతా నేనూ మా ఆవిడా ఆఫీసుల్లో ఉంటాం కాబట్టి కేర్‌టేకర్‌ని పెట్టుకుందామని తేల్చాం. ఎంపిక పని నేను మీదేసుకున్నాను. ఆఫీసులో ఎంతమందిని ఇంటర్వ్యూ చేయలేదు, ఇదో లెక్కా!

27 ప్రశ్నలు టైపు చేసి ప్రింటు కూడా తీశాను. "ఐదేళ్ల తర్వాత మీరు ఏ స్థాయిలో ఉండాలనుకుంటున్నారు?" అన్నది కూడా అందులో ఉంది. మొదటావిడ, "అప్పటికి అమ్మగారు పరిగెడుతుంటారు, నాతో పనేముంటుందండీ" అనేసింది. జవాబు బాగానే ఉంది, మార్కులెలా వెయ్యాలో నాకే తెలియలేదు. రెండో అతను ఫోన్లో మాట్లాడుతూ వచ్చాడు, మాట్లాడుతూనే వైఫై పాస్‌వర్డ్ అడిగాడు, మాట్లాడుతూనే వెళ్లిపోయాడు.

మూడో ఆవిడ నన్ను దాటుకుని నేరుగా అమ్మ దగ్గరికెళ్లింది. "ఆపరేషన్ ఏ కాలికండీ? రాత్రి బాత్రూమ్‌కి ఎన్నిసార్లు లేస్తారు?" అనడిగింది. నా 27లో ఈ రెండూ లేవు. నాకు కాస్త మండింది.

"ముందు ప్రాక్టికల్" అన్నాను. "పేషెంట్‌ని వీల్‌చైర్‌లోకి మార్చి చూపించండి. పేషెంట్ నేనే. కుడికాలికి ఆపరేషన్ అయిందనుకోండి."

అమ్మని సోఫాలో కూర్చోబెట్టి మంచమెక్కాను. ఆవిడ వీల్‌చైర్‌ని నా ఎడమవైపుకి తెచ్చింది. "బాగున్న కాలు వైపే కుర్చీ ఉండాలి సార్."

"చంకల కింద పట్టుకుని లేపరా? వీడియోలో అలాగే చూపించారు."

"అలా లాగితే భుజం పట్టేస్తుంది సార్. నడుముకి బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని లేపాలి. ఒక్క నిమిషం, కుర్చీకి బ్రేకు..."

నేను ఆగలేదు. "ఇంత చిన్నదానికి ఇంత తతంగమెందుకు!" అంటూ లేచి కూర్చోబోయాను. పెద్దమనిషి వస్తే దారి వదిలినట్టు కుర్చీ మర్యాదగా వెనక్కి జరిగింది. నేను గాల్లో కూర్చున్నాను. అర సెకను బాగానే ఉంది.

"లేవకండి, అలాగే ఉండండి. నొప్పెక్కడ? కాళ్లు కదపండి చూద్దాం" అంటూ ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు పట్టి లాగెయ్యలేదు, అన్నీ చూశాకే లేపింది. ఆపరేషన్ తర్వాత అమ్మ నవ్వడం అదే మొదటిసారి. కుట్లు లాగుతున్నాయని ఓ చేత్తో తుంటి పట్టుకుని మరీ నవ్వింది.

"ఇంకెన్ని ప్రశ్నలున్నాయిరా?" అంది.

ఎముకలేవీ విరగలేదు, నడుం పట్టిందంతే, వారం రోజులు రెస్టు తీసుకోమన్నారు డాక్టరు. ఆవిడ ఇంతకుముందు పనిచేసిన రెండిళ్లకీ మా ఆవిడే ఫోన్ చేసి కనుక్కుంది. నా జాబితాలో అది కూడా లేదు.

మొదటి రెండ్రోజులూ బాత్రూమ్‌కి అమ్మ వాకర్ మీదే వెళ్లాను. "ముందు వాకరు, తర్వాత నొప్పికాలు, ఆ తర్వాతే మంచికాలు!" అని అమ్మ వెనకనుంచి కేకలు. నొప్పి నడుంలో అమ్మా అంటే వినదు.

ఇప్పుడు బల్లమీద వారం రోజుల మాత్రల డబ్బాలు రెండున్నాయి. నిన్న నా మాత్ర మింగకుండా దిండు కింద దాచాను. కేర్‌టేకరావిడ గమనించలేదు. అమ్మ చెప్పేసింది.